చన్నీళ్ల రికవరీ ఏజెంట్లు

తెలుగులో ‘రికవరీ’ అనే మాటకి మొన్నమొన్నటిదాకా రెండే అర్థాలుండేవి. దొంగసొత్తుని పోలీసులు రాబడితే రికవరీ. కట్టని అప్పుని బ్యాంకు మనుషులు ఇంటిమీదికొచ్చి రాబడితే రికవరీ. కోవిడ్ రోజుల్లో సాయంత్రం బులెటిన్లు మూడో అర్థం నేర్పాయి. ఇప్పుడు నాలుగోది వచ్చింది. జిమ్ములో గంటసేపు చెమటోడ్చి, ఐసు ముక్కలు తేలే తొట్టిలో గొంతుదాకా మునిగి పది నిమిషాలు కూచుంటే అదీ రికవరీయే. ఈ నాలుగో అర్థంతో నాకు పేచీ ఉంది. మొదటి మూడింటిలో పోయినదేదో వెనక్కొస్తుంది. నాలుగోదాంట్లో ఏం పోయింది, ఏం వెనక్కొచ్చింది అని అడిగితే సూటిగా జవాబు చెప్పేవాళ్లు కనపడరు.

ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. వ్యాయామం తర్వాత చన్నీళ్లలో కూచుంటే నొప్పి తగ్గదని నేననడం లేదు. తగ్గుతుంది, కొంత. నా అభ్యంతరం వేరే. నొప్పి తెలియకుండా చేసే వస్తువుని కండని బాగుచేసే వస్తువుగా అమ్ముతున్నారు. అక్కడితో ఆగకుండా మనిషినే బాగుచేసే వస్తువుగా కూడా అమ్ముతున్నారు. ఈ అమ్మకం నేను పనిచేసే హైటెక్ సిటీ జిమ్ముల దగ్గర ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. అది ఫోన్లలోంచి నేనుండే చిక్కడపల్లికి వచ్చింది. సుల్తాన్ బజార్ నుంచి నారాయణగూడ మీదుగా అశోక్‌నగర్ దాకా నడుచుకుంటూ పోతే గంట పట్టదు. ఆ గంట దారిలో ఎవరి ఒంటికి ఏ నొప్పి ఉంది, ఎవరికి ఏ మందు అమ్ముతున్నారు అని చూస్తే ఈ వ్యవహారం అసలు రంగు తెలుస్తుంది.

*

తెలుగులో ఈ నొప్పికి మంచి మాట ఉంది: ఒళ్లు పులిసిపోవడం. పెళ్లిపనుల్లో గుండిగలు మోసినా, ఏడాది తర్వాత ఒక్కరోజు క్రికెట్ ఆడినా, మర్నాడు “ఒళ్లంతా పులిసిపోయింది” అంటాం. పులుపు ఉంది కాబట్టి ఆసిడ్ కూడా ఉండి తీరాలనుకున్నారేమో మన జిమ్ ట్రైనర్లు. “లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయింది బ్రదర్, ఐస్ బాత్ చేస్తే ఫ్లష్ అయిపోతుంది” అంటారు. మాటకి మాట కుదిరింది గానీ శాస్త్రం కుదరలేదు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది. ఒళ్లు పులవడం మొదలయ్యేదే ఆ తర్వాత. మర్నాటికి తెలుస్తుంది, రెండోరోజుకో మూడోరోజుకో ముదురుతుంది, వారం తిరక్కుండా పోతుంది. దొంగ ఊరు దాటాక మర్నాడు దొంగతనం జరిగితే ఆ దొంగమీద కేసు నిలబడదు.

థియొడోర్ హఫ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1902లోనే ఈ ఆలస్యపు నొప్పి వేరే జాతిదని గుర్తించాడు. కండ లోపల సన్నటి చీలికల వల్ల వస్తోందని ఆయన ఊహ. తర్వాతి శతాబ్దపు పరిశోధన ఆ ఊహని చాలావరకు బలపరిచింది. ముఖ్యంగా కండ బరువుని ఆపుతూ సాగాల్సి వచ్చినప్పుడు ఈ దెబ్బ ఎక్కువ. మెట్లు ఎక్కడం కన్నా దిగడం, గుట్ట ఎక్కడం కన్నా దిగడం, బరువు ఎత్తడం కన్నా మెల్లగా దించడం ఎక్కువ నొప్పి తెస్తాయి. మెట్రో స్టేషన్లో మర్నాడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగే మనిషిని చూస్తే చాలు, నిన్న అతను జిమ్ములో తొడల మీద పడ్డాడని తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి: ఆ వాపు, ఆ సలుపు అన్నీ మరమ్మతు పనివాళ్లు వచ్చిన చప్పుడు. రెండు: ఇదే వ్యాయామం వారం రెండువారాల తర్వాత మళ్లీ చేస్తే నొప్పి సగం కూడా ఉండదు. కండ నేర్చుకుంటుంది. మొదటిసారి కొద్దిగా చేసి ఆపినా సరే, ఆ కొద్దిపాటి పాఠం వారాల తరబడి కాపాడుతుంది. అంటే ఒళ్లు పులవడానికి అత్యుత్తమమైన మందు మెల్లగా మొదలుపెట్టడం. దాన్ని తొట్టిలో నింపి అమ్మలేరు. అందుకే దాని మీద రీల్స్ ఉండవు.

*

ఇక తొట్టి సంగతి. కోక్రన్ సంస్థ 2012లో ఈ విషయం మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది. మొత్తం 17 ప్రయోగాలు, 366 మంది మనుషులు. ఊరికే కూచున్నవాళ్లతో పోలిస్తే చన్నీళ్లలో మునిగినవాళ్లకి ఒకటి నుంచి నాలుగు రోజులదాకా నొప్పి తక్కువగా ఉందని తేలింది. ఐస్ బాత్ అభిమానులు ఇక్కడిదాకా చదివి షేర్ కొట్టేస్తారు. తర్వాతి పేరాలు చదవరు. అవి చిన్న ప్రయోగాలు. మునిగినవాడికి తను మునిగానని తెలుసు. నొప్పి ఎంత ఉందో చెప్పేది కూడా వాడే. చెడు ఫలితాల గురించి ఎవరూ పద్ధతిగా లెక్క రాయలేదు. అన్నిటికన్నా ముఖ్యం, పోలిక ఎవరితో? ఊరికే కూచున్నవాళ్లతో. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో చన్నీళ్లని తేలికపాటి సైక్లింగ్‌తో పోల్చి కండలోని వాపు ఆనవాళ్లని కొలిస్తే రెండింటికీ తేడా కనపడలేదు.

ఆస్ట్రేలియాలో 2014లో చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. మా ఉద్యోగంలో ఏ చిన్న మార్పు చేసినా సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి పోలుస్తాం. అలాంటి బుర్రే ఇదీ. 30 మంది మగవాళ్లని మూడు గుంపులు చేశారు. అందరిచేతా ఒళ్లు హూనమయ్యేలా సైకిల్ తొక్కించారు. ఒక గుంపుని 10 డిగ్రీల నీళ్లలో కూచోబెట్టారు. రెండో గుంపుని దాదాపు 35 డిగ్రీల నీళ్లలో కూచోబెట్టారు. మూడో గుంపుకీ అవే 35 డిగ్రీల నీళ్లు, కానీ వాళ్ల కళ్లముందు ఆ నీళ్లలో ఏదో ద్రవం పోసి “ఇది ప్రత్యేకమైన రికవరీ ఆయిల్, ఐస్ బాత్ అంత బాగా పనిచేస్తుంది” అని చెప్పారు. నిజానికది చర్మం కడుక్కునే మామూలు సబ్బు ద్రవం. రెండురోజుల్లో కాలి బలం ఎవరికి ఎంత తిరిగొచ్చిందో కొలిస్తే, సబ్బునీళ్ల గుంపు ఐసునీళ్ల గుంపుతో సమానంగా నిలబడింది. ఉత్త నీళ్ల గుంపు వెనకబడింది. నీటి చల్లదనం చేసిన పనిని నమ్మకం కూడా చేసి చూపించింది.

35 డిగ్రీలంటే ఎంతో మనకి తెలుసు. మే నెల మధ్యాహ్నం మన డాబామీద ప్లాస్టిక్ ట్యాంకులోంచి షవర్‌కి వచ్చే నీళ్లు అంతకంటే తక్కువుండవు. అంటే ప్రయోగంలో బోడి మందుగా వాడిన నీళ్లే మన దగ్గర వేసవిలో ‘చన్నీళ్లు’. “రోజూ చన్నీళ్ల స్నానం చెయ్యండి, మజిల్ రికవరీకి మంచిది” అని కెనడాలోనో నార్వేలోనో తీసిన వీడియోకి తెలుగు డబ్బింగ్ చెప్పేవాడు ఈ సంగతి ఆలోచించడు. చదువుల్లో ‘చన్నీళ్లు’ అంటే 10 నుంచి 15 డిగ్రీలు. కావాలంటే లెక్క కట్టండి. 200 లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి 12కి దించాలంటే దాదాపు 40 కిలోల ఐసు కరగాలి. ట్యాంకు నీళ్లు 38కి వేడెక్కిన రోజున 56 కిలోలు. ఒక్క మనిషికి, ఒక్క మునకకి. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో 200 లీటర్లు నింపి, దాంట్లో అర బస్తా ఐసు పోసి, పది నిమిషాల తర్వాత మోరీలోకి వదిలేయడాన్ని ‘నాచురల్ థెరపీ’ అంటున్నారు.

*

ఐనా నొప్పి తగ్గుతోంది కదా, నష్టమేంటి అంటారు. నష్టం ఉంది. అది ఎవరికి ఉందన్నదే అసలు విషయం.

2015లో వచ్చిన ఒక ప్రయోగంలో 21 మంది 12 వారాలపాటు కాళ్లకి బరువుల వ్యాయామం చేశారు. సగం మంది ప్రతిసారీ అయిపోగానే 10 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూచున్నారు, మిగతావాళ్లు పది నిమిషాలు మెల్లగా సైకిల్ తొక్కారు. 12 వారాల తర్వాత సైకిల్ తొక్కినవాళ్ల కండలూ బలమూ ఎక్కువ పెరిగాయి. 2020లో మరొకటి ఇంకా తెలివిగా చేశారు. 12 మంది కుర్రాళ్లు, ప్రతి ఒక్కరికీ ఒక కాలు 8 డిగ్రీల నీళ్లలో, రెండో కాలు 30 డిగ్రీల నీళ్లలో. తిండి ఒకటే, నిద్ర ఒకటే, మనిషీ ఒకడే. రెండువారాల పాటు చూస్తే, చల్లబెట్టిన కాలిలో కొత్త ప్రొటీన్ కట్టుబడి తక్కువగా జరిగింది. మరమ్మతు మేస్త్రీలు వచ్చిన ప్రతిసారీ తలుపు మూసేస్తే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది. గోడ మాత్రం లేవదు.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. పరుగు, దమ్ము లాంటి సామర్థ్యాలు చన్నీళ్ల వల్ల దెబ్బతింటాయన్న రుజువు ఇంత గట్టిగా లేదు. వరసగా రెండ్రోజులు మ్యాచ్‌లుండే ఆటగాడికి ఈ తొట్టి పనికొస్తుంది కూడా. అతనికి రేపు పొద్దున ఆడటం ముఖ్యం, ఆర్నెల్ల తర్వాత కండ ఎంత పెరిగిందన్నది కాదు. టెన్నిస్ టోర్నమెంట్‌లో ఐసు తొట్టి చూసి అపార్ట్‌మెంట్ జిమ్ములో ఐసు తొట్టి పెట్టుకోవడం, పెళ్లిలో వంటవాడు గరిటె పట్టుకున్నాడని ఇంట్లో ఇద్దరికి గుండిగలో అన్నం వండటం లాంటిది.

ఈ ప్రయోగాల్లో మనుషులెవరో కూడా గమనించండి. 30 మంది మగవాళ్లు. 21 మంది మగవాళ్లు. 12 మంది కుర్రాళ్లు. ఆడవాళ్ల కండల గురించి ఈ శాస్త్రానికి తెలిసింది బహు తక్కువ. ఐనా వీడియోల్లో ధీమాకేం తక్కువలేదు.

*

నొప్పి తెలియకుండా చేయడం నీచమైన పనేం కాదు. తెలుగు సాహిత్యం దాని రుణం తీర్చుకోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బాలు అమ్మిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది, 1924లో భారతి వచ్చింది. మనం గొప్పగా చెప్పుకునే ఆధునిక సాహిత్యంలో చాలా భాగం ఒళ్లునొప్పుల పుణ్యమా అని అచ్చయింది.

ఆ పసుప్పచ్చ లేపనం ఏం చేస్తుంది? దాంట్లో ఉన్న మెంథాల్ చర్మంలోని నరాలకి ‘ఇక్కడ చల్లగా ఉంది’ అని కబురు చెబుతుంది. చల్లదనాన్నీ మెంథాల్‌నీ ఒకే గ్రాహకం పట్టుకుంటుందని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ విడివిడిగా కనిపెట్టారు. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాల మీద చేసిన పనికి 2021లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఐసు తొట్టి చేసేదాంట్లో కూడా పెద్ద భాగం ఇదే. నరాల కబుర్లని మార్చడం, మొద్దుబార్చడం. మా భాషలో చెప్పాలంటే అలర్ట్‌ని మ్యూట్ చేయడం. బగ్ ఫిక్స్ చేయడం కాదు.

తేడా ఏంటంటే, అమృతాంజనం డబ్బా తనని తాను నొప్పిమందు అనుకుంది. అమ్మా తలనొప్పి, అయ్యా నడుంనొప్పి అంటే రాసుకో అంది. నీ వ్యక్తిత్వం మారుస్తానని చెప్పలేదు. పొద్దున్నే ఐదింటికి రాసుకోకపోతే నువ్వు జీవితంలో పైకి రావనలేదు. ఆ నిజాయితీ ఐసు తొట్టికి లేదు.

ఇది సాహిత్య విమర్శ చేసేవాళ్లు పట్టించుకోవాల్సిన చోటు. చన్నీళ్ల మీద ఇప్పుడో కొత్త వాఙ్మయం తయారైంది. కోఠీ పేవ్‌మెంట్ మీద పరిచిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలకి అది మనవడు. డచ్చివాడు విమ్ హాఫ్ దాని ఋషి. కథ ఎప్పుడూ ఒకటే: నేను బలహీనుణ్ణి, నీళ్లలో దిగాను, వణికాను, గెలిచాను, నువ్వూ దిగు. మనవాళ్లు దీనికి ఇంకో తోక కలిపారు: “మన పూర్వీకులు కార్తీక స్నానాలు ఊరికే పెట్టలేదు.” కార్తీకంలో తెల్లవారకముందే నదిలో మునిగే ముసలమ్మ పుణ్యం కోసం మునుగుతుంది. తొడల కండ కోసం కాదు. కాళిదాసు కుమారసంభవంలో పార్వతి శీతాకాలపు రాత్రులు నీళ్లలో నిలబడి తపస్సు చేసింది. ఆవిడకి శివుడు కావాలి. కష్టం భరించడం అక్కడ అసలు ఉద్దేశం, నొప్పి తగ్గడం కాదు. వాళ్లని మన జిమ్ముకి బ్రాండ్ అంబాసిడర్లని చేయడం వాళ్లకీ అవమానం, శాస్త్రానికీ అవమానం.

పైగా ఈ వాఙ్మయం తనని తానే కాదంటుంది. ఒక పేరాలో “నొప్పి తగ్గుతుంది, అందుకే దిగు” అంటారు. తర్వాతి పేరాలో “నొప్పి భరిస్తే మనిషి గట్టిపడతాడు, అందుకే దిగు” అంటారు. నొప్పి మనిషిని గట్టిపరిచేదైతే తొడల్లో ఉన్న నొప్పిని అలాగే ఉంచుకోవచ్చుగా? అది ఉచితం. దాన్ని పోగొట్టడానికి డబ్బిచ్చి ఇంకో నొప్పి కొనుక్కోవడం ఎందుకు?

*

ఇప్పుడు మా పేటకి వద్దాం. సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901 నుంచీ ఉంది. హనుమాన్ వ్యాయామశాల పేరు కూడా ఆ పేటదే. బుర్రకి గ్రంథాలయం, ఒంటికి వ్యాయామశాల. రెండూ అందరికోసం ఊరు పెట్టుకోవాల్సినవి అన్న ఆలోచన అక్కడ తిరిగితే ఇప్పటికీ తెలుస్తుంది. దండేలు, బస్కీలు పదితో మొదలుపెట్టి రోజుకి కాసిని పెంచుకుంటూ పోవడం, తర్వాత నూనెతో మర్దన చేయించుకోవడం తాలింఖానాల పాత పద్ధతి. పాతది కాబట్టి గొప్పదని నేననను. కానీ 2018లో 99 అధ్యయనాలని కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఒళ్లు పులిసిన నొప్పికి అన్నిటికన్నా బాగా పనిచేసింది మర్దనే అని తేలింది. చన్నీళ్లు దాని వెనకే ఎక్కడో ఉన్నాయి. మెల్లగా పెంచుకుంటూ పోవడం గురించి ఇందాకే చెప్పాను.

అదే బజార్లో బట్టల బేళ్లు వీపున వేసుకుని సందుల్లోంచి పోయే హమాలీలున్నారు. వాళ్ల కండలు ఆ బరువుకి ఎప్పుడో అలవాటుపడ్డాయి. మర్నాటి పులుపు వాళ్లకి లేదు. ఏళ్ల తరబడి అరిగిన నడుమూ మోకాళ్లూ ఉన్నాయి. ఆ నొప్పికి తొట్టి లేదు, రీల్ లేదు, పేరు కూడా లేదు. ‘రికవరీ డే’ అన్నమాట వాళ్లకి తెలిస్తే దానర్థం కూలి పోయిన రోజు అని. డబ్బు కట్టి బరువులెత్తేవాడి నొప్పికి ఇంత వైద్యం, డబ్బు కోసం బరువులెత్తేవాడి నొప్పికి వేణ్నీళ్ల కాపడం. ఈ తేడా గురించి ఏ వెల్‌నెస్ గురువూ నోరెత్తడు.

ఇక అశోక్‌నగర్. నా కోపమంతా ఇక్కడుంది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ చుట్టూ, ఆ సందుల్లో హాస్టళ్లలో, జిల్లాల నుంచి వచ్చిన వేలమంది ఉద్యోగాల కోసం చదువుతుంటారు. వాళ్లలో చాలామందికి పోలీసు కొలువు లక్ష్యం. తెలంగాణలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ 2018లో వచ్చింది, మళ్లీ 2022లో వచ్చింది. 2022 నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా ఉన్నాయి. ఏళ్ల తరబడి కుర్చీలో కూచుని కరెంట్ అఫైర్స్ బట్టీపట్టిన ఒళ్లు, ప్రిలిమ్స్ అయి ఈవెంట్స్ తేదీ దగ్గరపడగానే ఒక్కసారిగా గ్రౌండ్‌కి పరుగెత్తుతుంది. మొదటివారంలోనే పిక్కలు పట్టేస్తాయి, తొడలు బిగుసుకుపోతాయి. ఇండియన్ స్టైల్ బాత్రూంలో కూచోవాలంటే ఏడుపొస్తుంది. సరిగ్గా అప్పుడు ఫోన్లో రీల్ వస్తుంది: ఐస్ బాత్ చెయ్, ప్రొఫెషనల్‌లా రికవర్ అవ్.

ఆ కుర్రాడికి తొట్టి లేదు. ముప్ఫైమందికి రెండు బాత్రూములు. ఐనా బకెట్లో పదిరూపాయల ఐసు వేసుకుని నెత్తిన గుమ్మరించుకుంటాడు. అది ప్రయోగాల్లో ఉన్న చికిత్స కాదని తెలీదు. ఒకవేళ నిజంగానే తొట్టి దొరికినా, లాంగ్ జంప్‌కీ షాట్‌పుట్‌కీ కావాల్సిన కాలి బలాన్ని అది కొంచెం వెనక్కి లాగుతుందని కూడా ఎవరూ చెప్పరు. అతనికి నిజంగా కావాల్సినవి ఎవరూ అమ్మనివి. తేదీ ముందుగా తెలియడం. మూడునెలల ముందు వారానికి మూడుసార్లు మెల్లగా మొదలుపెట్టే వీలు. ఏడుగంటల నిద్ర. మెస్సులో నీళ్లచారుతోపాటు రోజూ రెండు గుడ్లు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని అనిశ్చితిని నిర్వహించేది ప్రభుత్వం, ఆ అనిశ్చితి వల్ల పులిసిన ఒంటికి ‘విల్‌పవర్’ లేదని తిట్టేది ఇన్‌ఫ్లుయెన్సర్. ఇద్దరి మధ్యా కుర్రాడు కుంటుకుంటూ లైబ్రరీ మెట్లు దిగుతాడు.

*

ఐసు తొట్టితో నాకు వ్యక్తిగత వైరమేం లేదు. దాన్ని ఉండాల్సిన చోట పెట్టమంటున్నాను.

ఎండలో విపరీతంగా పరుగెత్తిన మనిషి ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, ఎక్కడున్నాడో తెలియకుండా కూలిపోతే దాన్ని వడదెబ్బ అంటాం. పరుగు వల్ల వచ్చే ఈ వడదెబ్బకి ప్రపంచంలో ఉన్న అత్యుత్తమ ప్రథమచికిత్స చన్నీళ్ల తొట్టే. ముందు చల్లార్చాలి, తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అరగంటలోపు వేడి దించగలిగితే మనిషి దక్కుతాడు. అమెరికాలో ఫాల్మత్ అనే ఊళ్లో ఏటా వేసవిలో రోడ్డు పరుగు జరుగుతుంది. 18 పోటీల్లో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలితే, గీత దగ్గరే తొట్లు సిద్ధంగా పెట్టుకుని ముంచి తీయడం వల్ల ఒక్కరూ చనిపోలేదు. ఇక్కడ పోలిక ఊరికే కూచున్నవాడితో కాదు, చావుతో.

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల పరుగుపరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. మగవాళ్లకి గంటలో 10 కిలోమీటర్లు. చావులకి కారణం ఎండా, ఉత్సాహం కోసం మింగిన మందులా, ఏర్పాట్ల లోపమా అని రాజకీయ పార్టీలు కొట్టుకున్నాయి. పరీక్షలు మూడ్రోజులు ఆపి, ఎండెక్కకముందే ముగించాలని తర్వాత ఆదేశాలిచ్చారు. మన దగ్గర 2022లో ఈవెంట్స్ డిసెంబరులో పడ్డాయి కాబట్టి ఎండ బాధ తప్పింది. నోటిఫికేషన్లకి రుతువులతో పని లేదు. వచ్చేసారి ఏప్రిల్లో పడితే?

కాబట్టి నాది సాదా డిమాండు. రాష్ట్రంలో పరుగుపరీక్ష జరిగే ప్రతి గ్రౌండులో 200 లీటర్ల తొట్లు, వాటి పక్కన వందల కిలోల ఐసు, ఒంటి లోపలి వేడి కొలిచే థర్మామీటరు, దాన్ని వాడటం నేర్చుకున్న ఇద్దరు మనుషులు ఉండాలి. ఖర్చు లెక్క పైన ఇచ్చాను, తొట్టికి 40 నుంచి 56 కిలోల ఐసు. అభ్యర్థుల నుంచి వసూలు చేసే ఫీజులో ఇది ఏ మూలకీ రాదు. నడివయసు టెకీ మాత్రం, బీపీ ఉంటే మరీను, ఎవరో చెప్పారని ఐసులో దబ్బున దూకకపోవడం మంచిది. చన్నీళ్లు తగిలిన మొదటి నిమిషంలో ఊపిరి ఎగదన్నుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. విల్‌పవర్‌తో అది ఆగదు.

మిగతా ఒళ్లునొప్పుల సంగతా? వేణ్నీళ్లు బావుంటే వేణ్నీళ్లు, చన్నీళ్లు బావుంటే చన్నీళ్లు పోసుకోండి. కాస్త నడవండి, ఎవరైనా కాళ్లు పిసికితే పిసికించుకోండి, పడుకోండి. వారం తిరక్కుండా దానంతటదే పోతుంది. పోయాక, ఈసారి కాస్త తక్కువతో మొదలుపెట్టండి.